మొదటి మెట్టు దిగితే అట్టడుక్కే పోతామా?

1948 నుంచి 1952 దాకా తెలుగువాళ్ళు తమ రాష్ట్రం తమకు కావాలని అడిగిన ప్రతిసారీ ఢిల్లీ నుంచి వచ్చిన జవాబు సారాంశం ఒకటే. మీకు ఇస్తే రేపు కన్నడిగులు అడుగుతారు, ఎల్లుండి మలయాళీలు, మరాఠీలు, గుజరాతీలు అడుగుతారు. అందరికీ ఇచ్చుకుంటూ పోతే భాషకో ముక్కగా దేశమే చీలిపోతుంది. మతం పేరిట దేశం రెండయిన గాయం అప్పటికింకా పచ్చిగానే ఉంది కాబట్టి ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ప్రధానంగా భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పరచడం జాతి ప్రయోజనాలకు మంచిది కాదని 1948 డిసెంబరులో ధార్ కమిషన్ చెప్పింది. జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి కూర్చున్న జేవీపీ కమిటీ 1949 ఏప్రిల్‌లో, ఆంధ్ర సంగతి వేరుగా చూడవచ్చంటూనే, దేశ భద్రత, ఐక్యతే ముందని తేల్చింది. ఆ ముగ్గురిలో పట్టాభి సీతారామయ్య ఆంధ్రోద్యమంలో ముందు వరసలో నిలబడ్డ మనిషి. అంతటివాడు కూడా ఆ నివేదిక మీద సంతకం పెట్టాడంటే భయం ఎంత బలంగా ఉండేదో ఊహించవచ్చు.

1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరాహార దీక్ష మొదలుపెట్టి, డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా అది ఏర్పడింది. అక్కడినుంచి ఆ పాత జోస్యాన్ని ఏడాది ఏడాదికీ సరిచూసుకోవచ్చు. 1953 డిసెంబరులోనే రాష్ట్రాల పునర్విభజన సంఘం వేయాల్సి వచ్చింది. 1956 నవంబరు 1న దక్షిణాది పటం మొత్తం భాషల వారీగా మారిపోయింది. 1960లో బొంబాయి రాష్ట్రం మహారాష్ట్ర, గుజరాత్‌లుగా విడిపోయింది. 1966లో పంజాబ్ నుంచి హర్యానా వచ్చింది. అంటే “మీకిస్తే మిగతావాళ్ళూ అడుగుతారు” అన్న మొదటి సగం అక్షరాలా నిజమైంది. “దేశం చీలిపోతుంది” అన్న రెండో సగం మాత్రం జరగలేదు. ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చున్న రెండు మాటల్లో ఒకటి జరిగింది, ఇంకొకటి జరగలేదు.

తర్కంలో దీన్ని జారుడుబల్ల వాదం అంటారు. ఒక చిన్న పనిని ఆ పనిగా తప్పుపట్టకుండా, అది చేస్తే వరసగా ఏమేం జరుగుతాయో చెప్పుకుంటూ పోయి, చివర ఒక ఘోరాన్ని చూపించి, అందుకే మొదటిది వద్దనడం దీని పద్ధతి. చివరిది ఘోరమన్న దగ్గర ఎవరికీ పేచీ ఉండదు. మొదటిది చిన్నదన్న దగ్గరా ఉండదు. పేచీ పడాల్సింది మధ్యలోని మెట్ల దగ్గర. వాదించేవాళ్ళు సరిగ్గా అక్కడే వేగం పెంచుతారు.

భాషా రాష్ట్రాల విషయంలో మొదటి మెట్టు ఎందుకు నిజమైందో చూస్తే రెండోది ఎందుకు కాలేదో కూడా అర్థమవుతుంది. తెలుగువాళ్ళకు రాష్ట్రం ఇవ్వడానికి ఒప్పుకున్న కారణం భాష. అదే కారణం కన్నడిగులకూ, మలయాళీలకూ అంతే చక్కగా వర్తిస్తుంది. ఒక సూత్రాన్ని ఒకరికి ఒప్పుకున్నాక అదే సూత్రం చూపించి అడిగే రెండోవాళ్ళకు లేదనడం కష్టం. కాబట్టి ఆ మెట్టును నెట్టే బలం కళ్ళకు కనబడుతూనే ఉంది. కానీ “నాకో రాష్ట్రం కావాలి” అన్నవాడు అది దక్కిన తర్వాత “నాకీ దేశం వద్దు” అని ఎందుకంటాడు? అక్కడ నెట్టేది ఏమిటి? ఆ ప్రశ్నకు అప్పట్లో జవాబు లేదు. అడిగినది దక్కినవాడు చల్లబడే అవకాశమే ఎక్కువ. జరిగినదీ దాదాపు అదే.

ఇవ్వకపోతే ఏమవుతుందన్న లెక్క కూడా ఆ వాదంలో లేదు. అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకాలో బెంగాలీ భాష కోసం విద్యార్థులు పోలీసు కాల్పుల్లో చనిపోయింది 1952 ఫిబ్రవరి 21న, అంటే శ్రీరాములు దీక్షకు ఎనిమిది నెలల ముందు. 1971లో పాకిస్తాన్ నిజంగానే రెండయింది. దానికి భాష ఒక్కటే కారణం కాదు, సైన్యం, ఎన్నికలు, ఆర్థిక వివక్ష అన్నీ ఉన్నాయి. అయినా భాషను తొక్కిపెట్టడం దేశాన్ని కలిపి ఉంచుతుందన్న ధీమాకు అది పెద్ద దెబ్బ. జారుడుబల్ల వాదం ఎప్పుడూ ఒకవైపు వాలునే చూపిస్తుంది. కదలకుండా కూర్చోవడానికీ ఒక వాలు ఉంటుందన్న సంగతి అందులో కనబడదు.

ఇదే వాదం అరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ వచ్చింది. తెలంగాణ ఇస్తే గూర్ఖాలాండ్, బోడోలాండ్, విదర్భ, ఉత్తరప్రదేశ్ నాలుగు ముక్కలు, దేశమంతా కొత్త రాష్ట్రాల సంత అవుతుందన్నారు. ఈసారీ ఆధారం లేకుండా అనలేదు. ఉత్తరప్రదేశ్‌ను నాలుగు చేయాలని 2011 నవంబరులో ఆ రాష్ట్ర శాసనసభే తీర్మానం చేసింది. 2013 జులై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణకు ఒప్పుకోగానే డార్జిలింగ్‌లో, అస్సాంలో బంద్‌లు మొదలయ్యాయి. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. ఆ తర్వాతి పదేళ్ళలో దేశంలో ఒక్క కొత్త రాష్ట్రం కూడా ఏర్పడలేదు. 2019లో జమ్మూకశ్మీర్‌ను రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా చేసిన కథ పూర్తిగా వేరు.

1953లో నిలిచిన మెట్టు 2014లో విరిగిపోవడానికి కారణం వెతికితే దొరుకుతుంది. తెలంగాణ వాదం నిలబడ్డ నేల దాని సొంతం. హైదరాబాద్ సంస్థానపు చరిత్ర, 1956 పెద్దమనుషుల ఒప్పందం, ముల్కీ నిబంధనలు, 1969 ఉద్యమం, వీటిని విదర్భవాళ్ళు అరువు తెచ్చుకోలేరు. పైగా రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం ప్రతి కొత్త రాష్ట్రానికీ పార్లమెంటు విడిగా చట్టం చేయాల్సిందే. ఒకటి ఇచ్చినంత మాత్రాన రెండోది దానంతటదే వచ్చిపడదు, మెట్టుమెట్టుకూ ఒక ఆపు ఉంది. ఒకే రూపంలో ఉన్న వాదం ఒకచోట సగం నిజమై, ఇంకోచోట మొదట్లోనే ఆగిపోయిందంటే, వాదం రూపాన్ని చూసి అది నిజమో దోషమో చెప్పలేమన్నమాట. మెట్లను ఒక్కొక్కటిగా పట్టి చూడాల్సిందే.

రాజకీయాలకన్నా ఈ వాదం ఎక్కువగా తిరిగేది ఇళ్ళలో. ఇలాంటి మాటలు వినని తెలుగిల్లు ఉండదేమో:

“అమ్మా, ఆఫీసువాళ్ళు హైదరాబాదులో మూడు రోజులు ట్రైనింగ్ పెట్టారు. ఉండటానికి హాస్టల్ కూడా వాళ్ళే ఇస్తారట.”

“ఇవాళ మూడు రోజులంటావు. రేపు అక్కడే పోస్టింగ్ అంటావు. ఆ తర్వాత ఎవరినో చూసుకున్నానంటావు. నీ వెనకాల చెల్లెలుంది, దానికి సంబంధాలెలా వస్తాయే?”

మూడు రోజుల ట్రైనింగ్‌కీ చెల్లెలి పెళ్ళికీ మధ్య ఎన్ని మెట్లున్నాయో లెక్కపెడితే నాలుగు. ట్రైనింగ్ పోస్టింగ్ కావాలి, పోస్టింగ్ ప్రేమ కావాలి, ప్రేమ ఇంటివాళ్ళు ఒప్పుకోని పెళ్ళి కావాలి, ఆ పెళ్ళి చెల్లెలి సంబంధాలకు అడ్డం రావాలి. ఒక్కో మెట్టూ ముందుదాని తర్వాత జరిగే అవకాశం నూటికి డెబ్బై అనుకుందాం. ఇది చాలా ఉదారమైన లెక్క. అప్పుడు మొదటి మెట్టు నుంచి చివరిదాకా పోయే అవకాశం డెబ్బై కాదు. 0.7ను నాలుగుసార్లు గుణిస్తే 0.24, అంటే నూటికి ఇరవై నాలుగు. ఐదు మెట్లయితే పదిహేడు. మెట్టు పెరిగేకొద్దీ చివరిది దూరం జరుగుతుంది. వినేవాళ్ళకు మాత్రం మెట్టు పెరిగేకొద్దీ అది దగ్గరైనట్టు అనిపిస్తుంది.

ఎందుకలా అనిపిస్తుందన్నదాన్ని ఏమస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానమన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1983లో పరిశోధించి చూపించారు. ఉత్తర అమెరికాలో ఎక్కడో ఒకచోట వరద వచ్చి వెయ్యిమందికి పైగా మునిగిపోయే అవకాశం ఎంతని కొంతమందిని అడిగారు. కాలిఫోర్నియాలో భూకంపం వచ్చి, దానివల్ల వరద పుట్టి, వెయ్యిమందికి పైగా మునిగిపోయే అవకాశం ఎంతని ఇంకొంతమందిని అడిగారు. రెండోది మొదటిదానిలో ఒక చిన్న భాగం. కాబట్టి దాని అవకాశం తక్కువే కావాలి. కానీ జనం రెండోదానికే ఎక్కువ అవకాశం ఉందన్నారు. వరద ఎలా వస్తుందో కథ చెప్పేసరికి అది కళ్ళముందు కట్టింది, కళ్ళముందు కట్టినది నమ్మబుద్ధయింది. అమ్మ చెప్పిన నాలుగు మెట్లూ చేసే పని అదే. “నాకు భయంగా ఉందే” అన్న ఒక్క మాటకు లేని బలం ఆ వరసకు వస్తుంది.

ఇంతకీ ఆ తల్లి భయం బుద్ధిలేనిది కాదు. ఆ నాలుగు మెట్లలో నాలుగోది చాలా ఊళ్ళలో నిజంగానే గట్టి మెట్టు. అక్క పెళ్ళి మీద నలుగురూ నాలుగు మాటలు అనుకోవడం, సంబంధం చూడవచ్చినవాళ్ళు ఆరా తీయడం జరిగే పనులే. ఆ భయం కూతురి మీద కాదు, బంధువుల నోటి మీద. వాదం జారుడుబల్ల మీదికి ఎక్కేసరికి అసలు మాట కిందపడిపోయి, కూతురి వ్యక్తిత్వం బోనెక్కుతుంది. “నీకు నామీద నమ్మకం లేదా” అని ఆ పిల్లా, “నమ్మకం గురించి కాదే” అని ఈ తల్లీ గంటసేపు మాట్లాడుకున్నా, అసలు ప్రశ్న అయిన “బంధువులు ఏదో అంటే మనం ఏం చేద్దాం” అన్నది ఆ గంటలో రానే రాదు. ఈ వాదంతో ఇళ్ళలో జరిగే పెద్ద నష్టం తప్పు నిర్ణయాలకన్నా ఇదే. నిజమైన అభ్యంతరం ఏమిటో చెప్పాల్సిన అవసరం లేకుండా చేస్తుంది.

అలాగని “చిన్నదే కదా” అనుకున్నది పెద్ద గొయ్యిగా మారడం కల్ల అనడానికి వీల్లేదు. పల్లెల్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటారు. నెలకు నూటికి మూడు, అంటే ఏడాదికి ముప్పై ఆరు శాతం. యాభై వేలు తెచ్చి, వడ్డీ కట్టలేక, ఆ వడ్డీని అసలులో కలుపుతూ నోటు తిరగరాసుకుంటూ పోతే ఇరవై నాలుగు నెలలకు అది లక్షా పదహారు వందలు దాటుతుంది. నూటికి ఐదయితే పదిహేను నెలల్లోనే లక్ష దాటిపోతుంది. ఈ వాలులో నెట్టే బలం ఏమిటో ఎవరూ ఊహించక్కర్లేదు, అది నోటు మీదే రాసి ఉంటుంది. “మొదటి యాభై వేలే కదా అనుకోకు, పొలందాకా వస్తుంది” అని ఊళ్ళో పెద్దమనిషి హెచ్చరిస్తే అందులో తర్కదోషం లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2010 నాటి సూక్ష్మరుణాల సంక్షోభం ఆ హెచ్చరికకు పెద్ద రూపం. వారం వారం వాయిదా, గుంపులో ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళ మీద ఒత్తిడి, ఒక సంస్థ వాయిదా తీర్చడానికి ఇంకో సంస్థ దగ్గర అప్పు. ప్రతి మెట్టూ తర్వాతి మెట్టును తప్పనిసరి చేసే ఏర్పాటు అది. ప్రభుత్వం 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చి, సంస్థల నమోదు, రెండో అప్పుకు అనుమతి, వసూలు చేసే చోటు, వాయిదాల మధ్య వ్యవధి వంటివాటి మీద నిబంధనలు పెట్టింది. ఆ ఆర్డినెన్సు మంచిచెడ్డల మీద ఇప్పటికీ వాదోపవాదాలున్నాయి. కానీ అది ఎక్కడ పట్టుకుందో గమనించాలి. అప్పు అనే మొదటి మెట్టును నిషేధించలేదు. మెట్టు నుంచి మెట్టుకు నెట్టే చోట్ల పట్టుకుంది.

నెట్టే బలాలు వడ్డీ ఒక్కటే కాదు. అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు యూజీన్ వోలోక్ 2003లో ఇలాంటివాటిని వరసపెట్టి విడమరిచారు. ఒక పని చేస్తే తర్వాతి పనికి ఖర్చు తగ్గవచ్చు. ఒకటి చట్టమైతే జనం దాన్ని మామూలుగా చూడటం మొదలుపెట్టవచ్చు. చిన్న చిన్న మార్పులను ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల అవి పోగుపడవచ్చు. ఒక మార్పు వల్ల లాభపడినవాళ్ళు బలపడి తర్వాతి మార్పు అడగవచ్చు. వీటిలో ఏదో ఒకటి చూపించగలిగితే ఆ హెచ్చరికకు చెవి ఒగ్గాల్సిందే. ఏదీ చూపించలేక “అంతే, అలాగే అవుతుంది” అంటే అది భయం మాత్రమే.

ఆడపిల్లలకు ఆస్తి హక్కు కథలో ఇంకో చిక్కు ఉంది. 1940ల చివర హిందూ కోడ్ బిల్లు మీద చర్చలు జరిగినప్పుడు, కూతురికి వాటా ఇస్తే ఉమ్మడి కుటుంబం విచ్ఛిన్నమవుతుంది, భూములు తునాతునకలవుతాయి, అన్నాచెల్లెళ్ళు కోర్టుకెక్కుతారని వాదించారు. బిల్లు ముందుకు సాగకపోవడంతో 1951లో అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. 1956లో వారసత్వ చట్టం వచ్చింది, కానీ పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులకే ఉండిపోయింది. ఆ తేడాను ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చేలా ఆంధ్రప్రదేశ్‌లో తీసేసింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు అది వర్తించలేదు. 2005లో కేంద్రం దేశమంతటికీ ఆ హక్కు ఇచ్చింది. సవరణ వచ్చేనాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం ఏదీ లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.

అంటే 1950లో “ఇవాళ కొంత ఇస్తే రేపు పూర్తిగా సమానం అంటారు” అని భయపడినవాళ్ళు భయపడినట్టే జరిగింది. 1956, 1985, 2005, 2020, మెట్టు మెట్టుగా అక్కడికే వచ్చాం. వాళ్ళు దారి సరిగ్గానే చెప్పారు. దారి చివర ఉన్నదాన్ని గొయ్యి అనుకోవడంలో పొరబడ్డారు. జారుడుబల్ల వాదంలో చాలామంది చూడని సందు ఇది. మెట్లన్నీ నిజమే అనుకున్నా, చివరిది చెడ్డదని విడిగా రుజువు చేయాలి. కూతురికి కొడుకుతో సమానంగా వాటా రావడం చాలామందికి ఇవాళ ఘోరంగా కనబడటం లేదు. ఆలస్యంగా జరిగిన న్యాయంగా కనబడుతోంది.

భూములు తునాతునకలవడం మాటేమిటి? అదీ జరిగింది. కానీ ఎప్పుడు జరిగింది? వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1970-71లో 2.28 హెక్టార్లు, 2000-01కి 1.33 హెక్టార్లు. ఆ ముప్పై ఏళ్ళలో దేశంలో చాలాచోట్ల కూతుళ్ళకు పిత్రార్జితంలో జన్మహక్కు లేనే లేదు. భూమి ముక్కలైంది జనాభా పెరిగి, కొడుకులు పంచుకున్నందుకే. ఏ కారణంతో ఎలాగూ జరిగేదాన్ని తమకు నచ్చని మార్పు ఖాతాలో ముందే రాసిపెట్టుకోవడం ఈ వాదానికి అలవాటు. పైగా చట్టం వచ్చాక కూడా ఎంతోమంది ఆడపడుచులు పుట్టింటితో చెడుతుందని హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టేస్తూనే ఉన్నారు. అన్నాచెల్లెళ్ళు కోర్టుకెక్కుతారన్న భయంకన్నా, చెల్లెళ్ళు అడగకుండానే ఊరుకోవడం ఎక్కువగా జరిగింది.

ఒకసారి జారితే మళ్ళీ ఎక్కలేమన్న నమ్మకం కూడా ఈ వాదంలో దాగి ఉంటుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం దీన్ని పరీక్షించుకోవడానికి మంచి ఉదాహరణ. ఆడవాళ్ళ ఉద్యమం ఒత్తిడికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. “ఇవాళ సారా అన్నారు, రేపు మొత్తం మద్యం అంటారు” అని వ్యాపారులు అనుకున్నదే నిజమై, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఇక్కడిదాకా జారుడుబల్లే. కానీ రెండేళ్ళు తిరిగేసరికి, ఖజానాకు రాబడి పోయిందనీ దొంగసారా, అక్రమ రవాణా పెరిగాయనీ చెప్పి, 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఆ సడలింపు సరైనదో కాదో వేరే చర్చ. మెట్లు దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కగలరనడానికి మాత్రం ఇది సాక్ష్యం. ఒక నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవడం ఎంత సులువో, ఎంత కష్టమో చెప్పకుండా జారుడుబల్ల వాదం పూర్తికాదు.

మన తర్కశాస్త్రం ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉంది. “నువ్విది ఒప్పుకుంటే ఈ అనిష్టం వచ్చిపడుతుంది” అని చూపించడాన్ని నైయాయికులు, అంటే న్యాయ దర్శనపు పండితులు, అనిష్టప్రసంగం అన్నారు, తర్కమని కూడా అన్నారు. కానీ దాన్ని ప్రమాణాల, అంటే నిజాన్ని తెలిపే సాధనాల, జాబితాలో చేర్చలేదు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం, ఇవి నాలుగే ప్రమాణాలు. తర్కం వాటికి సాయపడుతుందే తప్ప తనంతట తానుగా దేన్నీ రుజువు చేయదు. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో తర్కాన్ని సంశయం, భ్రాంతులతోపాటు అయథార్థానుభవాల, అంటే నిజం కాని జ్ఞానాల, వరసలో కూర్చోబెట్టాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ: నిప్పు లేకపోతే పొగ కూడా ఉండేది కాదు. ఇది నిలబడటానికి కారణం, పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందన్న వ్యాప్తి మనకు ముందే తెలిసి ఉండటం. వ్యాప్తి లేనిచోట అనిష్టాన్ని ఎంత భయంకరంగా వర్ణించినా వాదం నిలవదు. ట్రైనింగ్‌కీ ప్రేమపెళ్ళికీ మధ్య వ్యాప్తి ఏదని అడగటం తల్లిని ఎదిరించడం కాదు, శాస్త్రం అడగమన్న ప్రశ్నే.

భగవద్గీత రెండో అధ్యాయంలో 62, 63 శ్లోకాలను ఇళ్ళలో, ఉపన్యాసాల్లో తరచూ వింటాం. ఇంద్రియ విషయాలను తలచుకుంటే సంగం, అంటే వాటి మీద తగులం, సంగం వల్ల కామం, కామం వల్ల క్రోధం, క్రోధం వల్ల సమ్మోహం, దానివల్ల స్మృతిభ్రంశం, దానివల్ల బుద్ధినాశం, చివరకు సర్వనాశనం. రూపంలో ఇది కచ్చితంగా మెట్ల వరసే. పిల్లవాడు ఒక సినిమా అడిగితే ఈ రెండు శ్లోకాలూ వల్లించి వినాశందాకా తీసుకుపోయేవాళ్ళూ ఉన్నారు. కానీ 64వ శ్లోకం దగ్గర ఆగి చదవాలి. రాగద్వేషాలు వదిలి, ఇంద్రియాలను తన చెప్పుచేతల్లో ఉంచుకున్నవాడు ఆ విషయాల మధ్యనే తిరుగుతూ కూడా ప్రసాదాన్ని, అంటే మనశ్శాంతిని, పొందుతాడంటుంది. విషయాల జోలికే పోవద్దనలేదు. వరసను తెంపే చోటు ఎక్కడుందో వెంటనే చూపించింది. మొదటి రెండు శ్లోకాలు చెప్పి మూడోది మింగేస్తే గీతను జారుడుబల్లగా మార్చినట్టే.

ఈ వాదాన్ని పూర్తిగా కొట్టిపారేయలేని చోటు కారుణ్య మరణం. కోలుకునే ఆశలేని రోగికి మరణం అనుమతిస్తే, రేపు ముసలివాళ్ళకు, ఎల్లుండి వికలాంగులకు, ఆ తర్వాత ఖర్చు భరించలేని పేదలకు అది విస్తరిస్తుందన్నది పాత భయం. విదేశాల అనుభవం ఆ భయాన్ని పూర్తిగా అబద్ధం చేయలేదు. బెల్జియం 2002లో పెద్దవాళ్ళకు అనుమతించి 2014లో మైనర్లకు కూడా విస్తరించింది. కెనడా 2016లో, మరణం దగ్గర్లో ఉన్నవాళ్ళకే అన్న నియమంతో మొదలుపెట్టి 2021లో ఆ నియమాన్ని తీసేసింది. అక్కడ మెట్లను నెట్టినది సమానత్వమనే సూత్రమే: బాధ ఒకటే అయినప్పుడు ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఎందుకివ్వరన్నది ప్రశ్న. మన భాషా రాష్ట్రాలను నెట్టిన బలం కూడా అలాంటిదే. ఆ విస్తరణ మంచిదో చెడ్డదో వేరు ప్రశ్న, కానీ విస్తరణ జరుగుతుందని ముందే చెప్పినవాళ్ళను తర్కదోషులనడం అన్యాయం.

మన సుప్రీంకోర్టు ఈ భయాన్ని మనసులో పెట్టుకునే నడిచింది. 2011లో అరుణా షాన్‌బాగ్ కేసులో చికిత్స ఆపివేయడాన్ని మాత్రమే, అదీ హైకోర్టు అనుమతితోనే ఒప్పుకుంది. ప్రాణం తీసే మందు ఇవ్వడాన్ని ఒప్పుకోలేదు. 2018లో రాజ్యాంగ ధర్మాసనం రెండు వైద్య బోర్డులు, మేజిస్ట్రేట్ పరిశీలన వంటి నియమాలు పెట్టింది. ఆచరణలో అవి మోయలేనంత బరువయ్యాయని 2023 జనవరిలో కొన్నింటిని సడలించింది. ఇది జారడమా, మెట్టును సరిచేసుకోవడమా అన్నదాన్ని ఒకే గీటురాయితో తేల్చవచ్చు: చికిత్స ఆపడానికీ ప్రాణం తీయడానికీ మధ్య గీసిన గీత కదిలిందా లేదా? 2023 తీర్పు ఆ గీతను కదపలేదు, కాగితాల పని తగ్గించింది. రేపు ఎవరైనా ఆ గీత జరపమని అడిగితే అప్పుడు జారుడుబల్ల హెచ్చరికకు పూర్తి విలువ ఉంటుంది.

పెద్ద పెద్ద చట్టాలకన్నా ఈ వాదం ప్రాణాంతకమయ్యేది ఇంటర్ చదివే పిల్లల గదుల్లో. లెక్కల పేపర్ పోయింది కాబట్టి ర్యాంకు రాదు, ర్యాంకు రాకపోతే మంచి కాలేజీ రాదు, కాలేజీ లేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే అమ్మానాన్నల పరువు లేదు, ఇక నేను ఉండి ఏం లాభం. ఈ వరసను పిల్లలు సొంతంగా కనిపెట్టలేదు. తొమ్మిదో తరగతి నుంచి ఇంట్లోనూ కాలేజీలోనూ పెద్దలు ప్రోత్సాహమనుకుని వినిపించినదే అది. పెద్దవాళ్ళకు అది బెదిరింపు, పదిహేడేళ్ళ పిల్లకు అది జోస్యం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఏ ఒక్క మరణానికీ ఒకటే కారణం ఉండదు. అయినా ఈ వరసను పిల్లల చెవిలో పోసే అలవాటును తేలిగ్గా చూసే హక్కు ఆ సంఖ్య తర్వాత మనకు లేదు.

చిన్న దెబ్బను అంతులేని వినాశంగా ఊహించుకునే ఈ ఆలోచన తీరును ఆల్బర్ట్ ఎలిస్, ఏరన్ బెక్ వంటి మానసిక చికిత్సకులు గత శతాబ్దం మధ్యలోనే గుర్తించి, దానికి చికిత్స రూపొందించారు. ఆ చికిత్సలో ముఖ్యమైన పని ప్రతి మెట్టు దగ్గరా ఆగి, దానికి ఆధారమేమిటో రోగిచేతే చెప్పించడం. ఇంటర్ వరసకు అదే చేసి చూడండి. ఒక సబ్జెక్టు పోతే అదే వేసవిలో సప్లిమెంటరీ ఉంది, ఏడాది పోదు. మార్కులు తక్కువనిపిస్తే మళ్ళీ రాసి పెంచుకోవచ్చు. జేఈఈ మెయిన్ వరసగా మూడేళ్ళు రాయవచ్చు. పదో తరగతి మీద పాలిటెక్నిక్‌లో చేరి డిప్లొమా చేసినవాళ్ళు, లెక్కలతో డిగ్రీ చేసినవాళ్ళు ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరుతున్నారు. ఇంజనీరింగ్ బయట ఉన్న బతుకుల సంగతి సరేసరి. ప్రతి మెట్టు పక్కనా ఇంకో తలుపు ఉంది. ఇక “ఉండి ఏం లాభం” అన్న చివరి మాట మెట్టే కాదు. ముందు మెట్లకు దానితో ఏ సంబంధమూ లేదు.

ఫలితాలొచ్చే రోజు పిల్ల మొహం చూసి “ఎన్నొచ్చాయి” అనేముందు ఈ తలుపుల గురించి ఇంట్లో ఒకసారి మాట్లాడుకుని ఉంటే, ఆ వరస ఆమె తలలో ఒంటరిగా తిరగదు. అప్పటికే తిరుగుతోందని అనుమానం వస్తే, పగలైనా రాత్రైనా, కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు పిల్లలకే కాదు, పిల్లల గురించి బెంగపడే అమ్మానాన్నలకూ పనిచేస్తుంది.